సీటు మీద మనిషి

ఆ ఫొటో ఇంకా నా వాట్సాప్‌లో ఉంది. ఫోర్క్‌లిఫ్ట్ డ్యాష్‌బోర్డు మీద అగ్గిపెట్టెంత డిస్‌ప్లే, అందులో ఒక నంబరు, నంబరు పక్కన సీట్లో కూర్చున్న మనిషి బొమ్మ. దాని కింద మా బావ వాయిస్ మెసేజ్: "ఏం సామీ, ఇది రోజుకి పదిసార్లు వస్తా ఉండాది. స్విచ్చి కొత్తది ఏసినా. అయినా వస్తానే ఉండాది. నీకేమన్నా తట్టతా ఉందా?"

అప్పుడు జూన్ నెల. మా వైపు జూన్ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. వడమాలపేట తిరుపతి నుంచి చెన్నై వెళ్లే రోడ్డు మీద, పుత్తూరుకి ముందు వస్తుంది. మీరు ఆ దారిన వెళ్లి ఉంటే ఎస్.వి. పురం టోల్‌గేట్ దగ్గర ఆగే ఉంటారు, ఊరు మాత్రం గుర్తుండదు. (2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లా వాళ్లం, అప్పట్నించీ తిరుపతి జిల్లా వాళ్లం. మా అమ్మ అడ్రసులో ఇప్పటికీ చిత్తూరు అనే రాయిస్తుంది.) జూన్, జూలై నెలల్లో బెంగుళూరా మామిడి, అంటే మీరు తోతాపురి అనేది, ట్రాక్టర్లకి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు బారులు తీరి ఉంటుంది. లోపల కాయ గుజ్జవుతుంది, గుజ్జు 200 లీటర్ల డ్రమ్ముల్లోకి పోతుంది, డ్రమ్ములు గోడౌన్‌లోకి, అక్కణ్ణించి కంటెయినర్లోకి, కంటెయినర్ చెన్నై రేవుకి. గుజ్జు నింపిన డ్రమ్ము రెండు వందల కేజీలు దాటుతుంది. ఒక్కో ప్యాలెట్ మీద నాలుగు. వాటిని మనుషులు ఎత్తరు, ఫోర్క్‌లిఫ్టే ఎత్తాలి. ఆ రెండు నెలల్లో ఒక్క బండి గంటసేపు ఆగినా లారీల వరస రోడ్డెక్కుతుంది, సూపర్‌వైజర్ గొంతు పైకి లేస్తుంది.

బావ అలాంటి ఒక గోడౌన్‌లో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్. మా మేనమామ కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను ఇంజినీరింగ్‌లో చేరేనాటికే తను ఐటీఐ అయిపోయి, కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీలో అప్రెంటిస్ కూడా ముగించి, ఇంటికి జీతం తెస్తున్నాడు. అయినా ఇంట్లో ఫ్యాను తిరక్కపోతే మా అవ్వ "ఇంజినీరు లీవుకి వస్తాడు కదా, చూస్తాళ్లే" అనేది. నాది కంప్యూటర్స్ అవ్వా, కరెంటు కాదు అని చెప్తే నమ్మేది కాదు. ఈలోగా బావ స్టూలెక్కి కెపాసిటర్ మార్చేసి చేతులు కడుక్కుంటూ ఉండేవాడు. తను నన్ను 'సామీ' అనడంలో ఆ వెటకారం కొంత ఉంది, ముద్దూ కొంత ఉంది. అయితే ఆ జూన్‌లో పంపిన మెసేజ్‌లో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

ఆ వారం నేను ఆన్‌కాల్. అంటే మా సర్వర్లకి ఏదైనా అయితే రాత్రి రెండింటికైనా ఫోను మోగుతుంది, లేచి చూడాలి. మోగేవాటిలో చాలావరకు ఉత్తుత్తివే. వాటిని మ్యూట్ చెయ్యడాన్ని మా పనిలో తప్పుగా చూడరు, అనుభవంగా చూస్తారు. బావ మెసేజ్ విన్నప్పుడు రెండు మీటింగుల మధ్య పదినిమిషాల ఖాళీలో కాఫీ తాగుతున్నాను. ఫోన్ చేసి ఇలా అన్నాను: "స్విచ్ కొత్తది. డ్రైవర్ సీట్లోనే ఉన్నాడు. మరి మనిషి లేడని బండి అంటోందంటే అది ఫాల్స్ పాజిటివ్ బావా. కనెక్టర్ దగ్గర ఆ రెండు తీగలూ కలిపేసెయ్. సీజన్ అయ్యాక తీరిగ్గా చూసుకుందువు."

"జంపర్ ఎయ్యమంటావా?"

"అంతే."

కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు తను. లైను కట్టయిందేమో అనుకున్నాను.

జంపర్ వేస్తే జరిగేది ఇదీ. ఎలక్ట్రిక్ ఫోర్క్‌లిఫ్ట్ సీటు కింద చిన్న స్విచ్ ఉంటుంది. మనిషి కూర్చుంటే బరువుకి కలుస్తుంది, లేస్తే విడిపోతుంది. విడిపోతే కంట్రోలర్ మోటారుకి కరెంటు ఆపేస్తుంది. బావ వాళ్ల బండి రకంలో పార్కింగ్ బ్రేకు కూడా దానంతటదే పడుతుంది. గతుకుల మీద డ్రైవర్ ఎగిరిపడ్డప్పుడల్లా ఆగిపోకుండా ఒకట్రెండు సెకన్లు ఓపిక పడుతుంది కూడా. అంటే ఆ కోడ్ తొందరపడి వచ్చేది కాదు. రైలింజన్లలో, ట్రాముల్లో వాడిన పాత ఆలోచనే ఇది, ఇంగ్లీషులో డెడ్ మ్యాన్స్ స్విచ్ అంటారు. తాను బతికే ఉన్నానని మనిషి ఎప్పటికప్పుడు చెప్తూ ఉండాలి, చెప్పడం ఆపితే యంత్రం ఆగిపోతుంది. జంపర్ అంటే జానెడు తీగ. అది వేశాక సీటు మీద ఎవరూ లేకపోయినా, ఒక మనిషి ఎప్పటికీ లేవకుండా కూర్చునే ఉన్నాడని బండి నమ్ముతుంది.

తొమ్మిది రోజులు బండి ఒక్కసారి కూడా ఆగలేదు. బావ నాకు బొటనవేలి బొమ్మ పంపాడు.

పదో రోజు గురువారం సాయంత్రం లోడింగ్ ర్యాంపు మీద డ్రైవర్ బండి ఆపి, ప్యాలెట్ మీద ఒక డ్రమ్ము వాలినట్టుంటే చూద్దామని దిగాడు. హ్యాండ్ బ్రేక్ లాగలేదు. ఎందుకు లాగుతాడు? మూడేళ్లుగా ఆ బండి తను లేవగానే దానంతటదే బ్రేకు వేసుకుంటోంది. ఆ సాయంత్రం వేసుకోలేదు. రెండున్నర టన్నులెత్తే బండి, దాని సొంత బరువే నాలుగు టన్నులు. మెల్లగా, చప్పుడు లేకుండా కిందికి జారింది. డీజిల్ బండయితే కనీసం ఇంజన్ మోత ఉండేది. కింద ప్యాలెట్లు సర్దుతున్న కుర్రాడు, ఒడిశా నుంచి సీజన్ పనికి వచ్చినవాడు, వెనక్కి తిరిగేలోపల కాలు ప్యాలెట్‌కీ చక్రానికీ మధ్య ఇరుక్కుంది.

రాత్రి తొమ్మిదింటికి బావ ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాడు. పాదం ఎముకలు విరిగాయనీ, తిరుపతి ఆసుపత్రిలో ఉన్నాడనీ, ప్రాణానికి ఏం ఫరవాలేదనీ చెప్పాడు. చివర్న, "జంపర్ తీసేసినా సామీ," అన్నాడు. తియ్యమని ఎవరు చెప్పారో తను చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాడు రాసుకున్న రిపోర్టులో డ్రైవర్ హ్యాండ్ బ్రేక్ వెయ్యలేదని ఉంది. అది నిజమే. అతన్ని పనిలోంచి తీసేశారు. అందులో జానెడు తీగ మాట లేదు, బెంగుళూరులో కాఫీ తాగుతున్న మనిషి మాట అసలే లేదు.

శుక్రవారం రాత్రి బస్సెక్కాను. ఎందుకు వెళ్లానో సరిగ్గా చెప్పలేను. దారంతా ఫోన్‌లో నిబంధనలు చదువుతూ కూర్చున్నాను. అదో జబ్బు నాకు, తప్పు చేశాక దాని గురించి చదవడం. అమెరికాలో ఓషా 1910.178 అని ఒకటుంది. భద్రత మీద ప్రభావం చూపే మార్పు ఏదైనా బండికి చెయ్యాలంటే తయారీదారు రాతపూర్వక అనుమతి ఉండాలంటుంది. ఐఎస్ఓ 3691 అనే ప్రమాణం కూడా ఉంది, అదీ దాదాపు ఇదే సంగతి చుట్టూ తిరుగుతుంది. ఇవన్నీ బావకి తెలియవు. కానీ ఆ రోజు ఫోన్‌లో మాట్లాడకుండా ఉండిపోయింది తనే. ఎక్కడ కావాలంటే అక్కడ చదువుకోగలిగిన నేను క్షణం కూడా ఆగలేదు.

శనివారం పొద్దున ఇంటికి వెళ్లేసరికి బావ బయటికి బయల్దేరుతున్నాడు. "రా, పుత్తూరు పోదాం" అన్నాడు. ఆ కుర్రాణ్ణి చూడ్డానికేమో అనుకున్నాను. కాదు. డ్రైవర్ ఇంటికి.

ఉద్యోగం పోయిన మనిషి గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. బావ మాత్రం అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, ఒకటే అడిగాడు: "అన్నా, జంపర్ ఎయ్యకముందు బండి ఎప్పుడెప్పుడు ఆగతా ఉండె?"

డ్రైవర్ నవ్వాడు, కోపంగానే. "ఇప్పుడడగతావా? పొద్దన్నే ఛార్జింగు తీసి బండి ఎత్తుకుంటే మొదటి గంట చంపేస్తాది. మద్దేనం షిఫ్టులో అంత రాదు. ఎడమ పక్కకి కోసి తిప్పితే జాస్తి. సూపర్‌వైజర్‌కి చెప్పినా, సీటు స్విచ్చే పోయింటాది అన్నాడు. ఇంగ నన్నెవురు అడిగినారు?"

బావ మొహం మారడం నేను చూశాను. తిరిగొచ్చేటప్పుడు బైక్ మీద ఒక్క మాటా మాట్లాడలేదు. నేరుగా గోడౌన్‌కి తీసుకెళ్లాడు.

ఈ బండ్లలో సీటు బ్యాటరీ పెట్టె మూత మీద ఉంటుంది. మూతకి ఒకవైపు కీలు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ విడుదలవుతుంది, అందుకని ఛార్జింగ్ పెట్టేటప్పుడు మూత ఎత్తి ఉంచాలి. అంటే మూత రోజుకి ఒకసారన్నా ఎత్తుతారు, దించుతారు. సీటు స్విచ్ తీగలు ఆ కీలు పక్కనుంచే వంగి కిందికి దిగుతాయి. ఏళ్ల తరబడి వంగి, నిటారై, మళ్లీ వంగి, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. పైన ప్లాస్టిక్ తొడుగుకి గీత కూడా పడదు.

"మొదట్లోనే తీగ చూసినా సామీ," అన్నాడు బావ. "మీటరు పెట్టి చూసినా. సున్నా ఓములు. బాగుండాది అనుకున్నా." మీటరు తప్పు చెప్పలేదు. తీగని కొలవాలంటే మూత ఎత్తాలి. మూత ఎత్తితే తీగ నిటారవుతుంది, తెగిన పోగుల చివర్లు ఒకదాన్నొకటి తాకుతాయి. పరీక్షించడానికి ముందు చేసే పనే లోపాన్ని మాయం చేస్తోంది. మాలో ఇలాంటి బగ్‌కి ఒక ముద్దుపేరు కూడా ఉంది, హైజెన్‌బగ్ అంటాం, అని జోకులు వేసుకుంటాం. బావకి పేరు అక్కర్లేకపోయింది. కనెక్టర్ నుంచి పొడుగు తీగలు బయటికి లాగి, మీటరుకి తగిలించి, మూత మూసేశాడు. నన్ను సీట్లో కూర్చోమన్నాడు. "ఎడం పక్కకి వాలు. ఇంకా వాలు. ఎగురు." ఒక ఇంజినీరింగ్ డిగ్రీని ఇంతకంటే సరిగ్గా ఎవరూ వాడుకోలేదు. మూడోసారి ఎగిరినప్పుడు మీటరు మీద అంకె పోయి ఓపెన్ అని చూపించింది. బావ చెయ్యెత్తి కదలొద్దన్నాడు. కదలకుండా అలా వాలి ఉంటే, సర్క్యూట్ తెగే ఉంది. నేను సీట్లోనే ఉన్నాను. బండి లెక్క ప్రకారం లేను.

ఆ తర్వాత పని అరగంట. కొత్త తీగ ఒకటి, సీటు నుంచి కంట్రోలర్ దాకా, కీలు దగ్గర వదులుగా మెలితిప్పి, దెబ్బతిన్న పాత తీగ పక్కనే వేశాడు. ఆ జంపర్ అంత తీగే దాదాపు, ఇంకొంచెం పొడుగు. అప్పుడు మేం తీగతో దాటేసింది స్విచ్‌ని. ఇప్పుడు తను దాటేసింది పాడైన తీగని. సీట్లోంచి నన్ను లేవమన్నాడు. టక్కుమని బ్రేకు పడింది. మళ్లీ కూర్చోమన్నాడు. మళ్లీ లేవమన్నాడు. అలా పది పన్నెండుసార్లు. అంతసేపు ఎందుకు చేయిస్తున్నాడో నాకర్థమైంది, తనకీ నాకర్థమైందని తెలుసు.

నేను అప్పుడప్పుడూ కథల మీద రాస్తుంటాను. కథ చెప్పేవాణ్ణి నమ్మాలా వద్దా అన్నది నాకిష్టమైన చర్చ. ఈ ఎర్రర్ కోడ్‌ని నేను నమ్మకూడని కథకుడనుకున్నాను. అది అబద్ధం చెప్పలేదు. సీటు సర్క్యూట్ తెగింది అంది, తెగింది. మనిషి లేడేమో అన్నది దాని ఊహ, స్విచ్ పోయింది అన్నది సూపర్‌వైజర్ ఊహ, ఉత్తుత్తి అలారం అన్నది నా ఊహ. కంట్రోలర్‌కి తన దగ్గరికొచ్చే తీగ చివర మాత్రమే కనబడుతుంది. ఆ చివర నుంచి సీటు దాకా ఏ జానెడులో ఏం జరిగిందో దానికెలా తెలుస్తుంది? తెలిసినవాడు ఆ రోజు అరుగు మీద కూర్చుని కోపంగా నవ్వాడు.

జూలియన్ ఓర్ అని ఒక ఆంత్రపాలజిస్టు జిరాక్స్ కంపెనీ మెకానిక్కుల వెంట తిరిగి 1996లో 'టాకింగ్ అబౌట్ మెషీన్స్' అని పుస్తకం రాశాడు. మాన్యువల్లో ఉన్న చార్టు పట్టుకుని వాళ్లు మెషీన్లు బాగుచెయ్యరనీ, ఒకరికొకరు కథలు చెప్పుకుంటూ బాగుచేస్తారనీ ఆయన చూశాడు. ఎప్పుడు ఆగింది, ముందు ఏం చప్పుడొచ్చింది, ఎవరు వాడుతున్నారు, పోయినసారి ఇలాగే అయితే ఏం తేలింది. కాలేజీ రోజుల తర్వాత ఎప్పుడో చదివి, బాగుందనుకుని, నాలుగు మంచి మాటలు రాసి పక్కన పెట్టేశాను. ఆ పుస్తకంలో ఉన్న మనిషి మా మేనమామ ఇంట్లో ఉన్నాడన్న ఆలోచనే రాలేదు.

ఆ రాత్రి మిద్దె మీద పడుకుని బావ చేత కథలు చెప్పించుకున్నాను. ఇంతకాలం ఎందుకు అడగలేదో తెలీదు. ఒకటి చెప్తాను. చలిగది, అంటే సున్నాకి దిగువ 18 డిగ్రీల్లో ఉండే స్టోరేజి. అందులో తిరిగే రీచ్ ట్రక్‌కి మాస్ట్ ఎత్తు కొలిచే సెన్సర్ రోజూ రెండుసార్లు తప్పు లెక్క చూపించేది. కంపెనీ మనిషి చెన్నై నుంచి వచ్చి సెన్సర్ మార్చాడు. మళ్లీ అదే. బావ రెండ్రోజులు ఏమీ విప్పకుండా టైము రాసుకున్నాడు. పొద్దున పదకొండుంబావు, సాయంత్రం నాలుగుమ్ముప్పావు. టీ తాగొచ్చాక. డ్రైవర్ టీకి పోతూ బండిని చలిగది బయట ఎండాకాలపు గాలిలో పెడుతున్నాడు. చల్లటి ఇనుము మీద, కనెక్టర్ల లోపల, ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్ మీద పట్టినట్టు చెమ్మ పడుతోంది. లోపలికి తిరిగి వెళ్లగానే ఆ చెమ్మ గడ్డకడుతోంది. బావ విడిభాగాలేవీ తెప్పించలేదు. రెండు గదుల మధ్య సందులో సుద్దముక్కతో ఒక గీత గీసి, టీ టైములో బండి ఇక్కడే పెట్టాలన్నాడు. "ఆ గీత ఇప్పుడు పెయింటుతో ఏసినారు" అన్నాడు, కొంచెం గర్వంగానే.

ఇంకొకటి: ఏ సెన్సర్‌కీ సంబంధం లేకుండా వారానికో కొత్త కోడ్ చూపించే బండి. 48 వోల్టుల బ్యాటరీ అంటే రెండేసి వోల్టుల సెల్స్ 24. డిస్టిల్డ్ వాటర్ ఎక్కువ పోస్తే యాసిడ్ పొంగి పైన పొరలా పట్టి, దాని మీదుగా కరెంటు సన్నగా బండి ఇనుముకి కారుతుంది. ఆ ఇనుముకి బ్యాటరీతో అసలు సంబంధమే ఉండకూడదు. బ్యాటరీ మైనస్‌కీ చాసిస్‌కీ మధ్య మీటరు పెడితే ఉండకూడని వోల్టేజీ కనబడింది. మందు: వంటసోడా నీళ్లు, ఒక బ్రష్షు, నీళ్లు పోసే కుర్రాడికి సరిగ్గా ఎంతవరకు పొయ్యాలో చూపించడం. ఇంక కంట్రోలర్లన్నీ మాట్లాడుకునే క్యాన్ లైను సంగతయితే బావకి వేళ్ల మీద ఉంది. బాష్ కంపెనీ 1986లో కార్ల కోసం బయటపెట్టిన పద్ధతి అది, ఇప్పుడు ఫోర్క్‌లిఫ్టుల్లోనూ అదే. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి, బ్యాటరీ విప్పి రెండు తీగల మధ్య కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఒక చివర పోయింది. 40 వస్తే ఎవడో మూడోది తగిలించాడు. "60 వస్తే?" అని అడిగాను. "60 వస్తే మూత మూసి మళ్లా కొలువు" అన్నాడు. ఇద్దరం నవ్వాం, ఆ రోజుల్లో మొదటిసారి.

నవ్వు ఆగాక చెప్పాను. "జంపర్ వెయ్యమంది నేను కదా బావా. నీ సూపర్‌వైజర్‌కి చెప్తాను."

"ఏమని చెప్తావు? ఎవురు నువ్వు వాళ్లకి?" అన్నాడు. కాసేపాగి, "చేసింది నా చెయ్యి. నేను చెప్పేసినా అప్పుడే. వాళ్లు రాసుకోలేదు" అన్నాడు. చెప్పాడన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. రాసి ఇవ్వొచ్చు కదా అన్నాను. తను జవాబివ్వలేదు. ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. నేను రెట్టించలేదు. రెట్టించకపోవడం మర్యాదో, నాకూ అదే సౌకర్యంగా ఉందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

కుర్రాడు ఆసుపత్రి నుంచి వచ్చాక తోటివాళ్లు పుత్తూరు కట్టుకి తీసుకెళ్లారట. ఎముక విరిగితే మా వైపు వాళ్లకి ఎక్స్‌రే ఉన్నా లేకున్నా ఆకుపసరుతో, వెదురు బద్దలతో వేసే ఆ కట్టు మీదే నమ్మకం. తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ కూడా వస్తారు. కట్టు మంచిదా కాదా అన్న వాదన నాది కాదు. వేళ్లతో తడిమి ఎక్కడ విరిగిందో చూస్తారు వాళ్లు. సీజన్ అయ్యేలోపే ఆ కుర్రాడు కుంటుకుంటూ రైలెక్కాడు. బావా నేనూ చెరికొంత వేసి ఇచ్చిన డబ్బులు కంపెనీ ఇచ్చిందనుకున్నాడు. మరుసటి ఏడాది అదే ఊరి నుంచి వేరేవాళ్లు వచ్చారు, అతను రాలేదు.

మా టీములో ఈ కథ ఒకసారి చెప్పాను, పేర్లు లేకుండా, మ్యూట్ చేసిన అలర్టుల జాబితా తియ్యించే సందర్భంలో. రెండు వందల పైచిలుకు తేలాయి. కొన్ని నేను పెట్టినవే, ఎందుకు పెట్టానో గుర్తులేదు. అందరూ బాగుందన్నారు, మంచి ఉదాహరణ అన్నారు. ఆ మాట విన్నాక ఇంకెక్కడా చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు తప్ప.

పోయిన సంక్రాంతికి తిరుపతిలో బస్సు దిగి షేర్ ఆటో ఎక్కాను. రేణిగుంట దాటాక అద్దంలో డ్రైవర్ మొహం చూసి గుర్తుపట్టాను. అతను నన్ను ముందే పట్టినట్టున్నాడు. "ఎలక్ట్రీషియన్ బామ్మర్ది కదా నువ్వు? ఆ పొద్దు వచ్చినావు ఇంటికి" అన్నాడు. అవునన్నాను. ఆటో అప్పు మీద తీసుకున్నాడట, ఫరవాలేదట. కాసేపయ్యాక, "ఆ బండి ఇంగా ఆగతా ఉందా?" అని అడిగాడు.

"లేదన్నా. తీగ తెగింది, కీలు దగ్గర. మీరు చెప్పినాకే దొరికింది."

"కదా," అన్నాడు. "నేను చెప్తానే ఉన్నా."

వెనక సీట్లో ఇంకో నలుగురున్నారు. వడమాలపేట స్టాపులో దిగి వంద కాగితం ఇచ్చాను. ఉంచుకోమన్నా వినకుండా జేబులో వెతికి చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. అతను హ్యాండ్ బ్రేక్ వదిలి, అద్దంలో వెనక బస్సొస్తోందేమో చూసుకుని, పుత్తూరు వైపు వెళ్లిపోయాడు.